లంకె

టార్టు ఊళ్లో పొయ్యిలు రాజుకునే తొలి వారం
చెక్క ఎండి, బిరడాలు వదులై
పియానోలన్నీ కూడబలుక్కున్నట్టు
ఒక్కసారే శ్రుతి తప్పుతాయి.
నా ఫోనుకు ఊపిరాడదు.

అప్పట్లో నాది అట్ట చిరిగిన డైరీ.
"మంగళవారం, పది, హెల్వె."
ఏ హెల్వె?
ఎమయొగి నదికి ఈ గట్టున ఇద్దరు, ఆ గట్టున ఒకరు.
ఓసారి వేరే హెల్వె ఇంటికి పోయి
పియానో లేని గదిలో కూచుని
నల్ల రొట్టె తిని, మంచు గురించి మాట్లాడి
సంచి విప్పకుండానే తిరిగొచ్చాను.
ఎందుకొచ్చావని ఆవిడా అడగలేదు.

గడియారాల కొట్టు ఊర్మస్ ఇది విని, నవ్వి నవ్వి
అరచేతిలో ఇమిడే యంత్రం ఒకటి అంటగట్టాడు.
"ఇదిగో, రోజు మీద పుల్ల ఆనించు.
పేరు వెతుకు.
రెంటికీ లంకె వెయ్యి. అంతే."

అంతే అన్నాడు గానీ
ఆ చలికాలం రాత్రులన్నీ దానికే పోయాయి.
పాత డైరీలు దులిపి
రాలిన తేదీల్ని ఒక్కొక్కటే పట్టుకుని
దేని మనిషికి దాన్ని కట్టేశాను,
దూడల్ని గుంజలకు కట్టినట్టు.

ఇక తీగ లాగితే డొంకంతా కదిలేది.
రోజు నొక్కితే మనిషి.
మనిషిని నొక్కితే
ఎన్నో అంతస్తు, గంట పనిచేస్తుందా లేదా,
"కుక్క పేరు మూరి, కరవదు" అని
నేనే ఎప్పుడో రాసుకున్న ముక్క.

ఆ మూరి వాళ్ల హెల్వె, సుపిలిన్ పేట హెల్వె రూస్మా,
మార్చిలో పోయింది.
పేరు తుడిచేద్దామని పుల్ల ఆనిస్తే
యంత్రం నిలదీసింది:
ఈ పేరుకు ముప్ఫై ఒక్క రోజులు ముడిపడి ఉన్నాయి.
తీసేయాలా?

వద్దని నొక్కాను.
ప్రేమ అనుకునేరు, కాదు.
ముప్ఫై ఒక్క ఉదయాలు ఎవరివీ కాకుండా పోతే
ఆ పూటల్లో నేనెక్కడున్నానో
ఎవరు సాక్ష్యం చెబుతారు?

అక్టోబరులో అది దానంతటదే కూసింది.
రేపు. పది. హెల్వె.
ఆరునెల్లకోసారి గుర్తు చెయ్యమన్నది నేనే.
చావు కబురు దానికెవరు చెప్పారు గనక!

మరి రెండు నెలలకి వొరు నుంచి
పిరెట్ అనే ఆమె ఫోను.
వేలంలో పాత పియానో కొన్నదట.
"ఎడమ చివరి మెట్టు పైకి తీస్తే
దాని పక్కన పెన్సిల్‌తో తేదీలున్నాయండీ.
కింద మీ పేరు."

ఔను, మా పనివాళ్ల అలవాటది.
వచ్చిన రోజు చెక్క మీద గీసి పోతాం.
యంత్రాలు పుట్టకముందే
పియానో తన లంకెలు తానే దాచుకుంది.

ఎన్ని, అన్నాను.
ఆమె ఫోను పట్టుకునే మెల్లగా లెక్కపెట్టింది.
ముప్ఫై రెండు.

ఒకటెక్కువ.
ఏ డైరీకీ ఎక్కని ఆ రోజు ఏదో నాకు తెలుసు.
చెప్పను.

వొరు బస్సులో, కిటికీకి మంచు పేరుకుంటుంటే
పేరు గడిలో హెల్వెని చెరిపి
పియానో ఒంటి మీది అంకెలు కొట్టాను:
41726.
మనిషి స్థానంలో చెక్కా ఇనుమూ వచ్చి కూచున్నా
ఒక్క ముడీ ఊడలేదు.
ఇంటి అడ్రసు మార్చాను, ఫోను మార్చాను.
కుక్క సంగతి మరిచాను.

ఇప్పటికీ ఆరునెల్లకోసారి
పిరెట్ గుమ్మం ముందు జేబులో యంత్రం కూస్తుంది.
తీసి చూస్తే, మూరి, కరవదు.

ఆ ఇంట్లో కుక్క లేదు, పిల్లీ లేదు.
అయినా తలుపు తెరుచుకునేలోపు
కాస్త వంగి, చేతి తొడుగు తీసి
గాలికి ఒక్క క్షణం
చెయ్యి వాసన చూపిస్తాను.